కుందేలు కొలత, పిల్లి మందు
(ఇన్సులిన్ యూనిట్ మన ఇంటికి వచ్చిన చరిత్ర)

ఉపోద్ఘాతం

చరిత్ర అంటే రాజులు, కోటలు, యుద్ధాలు అనుకుంటాం. మనకు దగ్గర్లోనే కృష్ణగిరి కోట ఉంది కాబట్టి ఆ మాట మనకు ఇంకా ఎక్కువ. కానీ ఈసారి నేను ఒక చిన్న గీత చరిత్ర రాస్తున్నాను. ఆ గీత ఇన్సులిన్ సిరంజి మీద ఉంటుంది. దాన్ని యూనిట్ అంటారు.

ఒక యూనిట్ ఇన్సులిన్ బరువు 0.0347 మిల్లీగ్రాములు. సన్న ఉప్పు రవ్వంత కూడా ఉండదు. అంత చిన్న మందు ఒక మనిషిని నిలబెడుతుంది, కొంచెం ఎక్కువైతే పడగొడుతుంది. అలాంటి మందును ఆస్పత్రిలో నర్సులు ఇవ్వడం సహజమే. అయితే ప్రపంచంలో ఎక్కువ ఇన్సులిన్ ఆస్పత్రుల్లో కాదు, ఇళ్ళల్లోనే పడుతుంది. వంటింట్లో, ఫ్రిజ్ పక్కన నిలబడి, చదువు లేని ముసలివాళ్ళు కూడా వేసుకుంటున్నారు. ఇప్పుడు పిల్లులకు కూడా ఇంట్లోనే వేస్తున్నారు. ఇంత ప్రమాదమున్న మందును మామూలు మనుషుల చేతికి ఎట్లా ఇచ్చారు? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఈ వ్యాసం రాశాను.

ఇన్సులిన్ రాకముందు

ఈ జబ్బు కొత్తది కాదు. మన దేశంలో చరక, సుశ్రుత సంహితల్లోనే మధుమేహం అనే పేరు ఉంది. మూత్రానికి చీమలు పట్టడం దాని గుర్తు అని పాతవాళ్ళకు తెలుసు. గుర్తు తెలిసింది గాని కారణం తెలియలేదు.

1869లో జర్మనీలో పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్య విద్యార్థి క్లోమ గ్రంథిని సూక్ష్మదర్శినిలో చూశాడు. అందులో చిన్న చిన్న దీవుల్లాగ కణాల గుంపులు కనిపించాయి. అవి ఎందుకున్నాయో ఆయనకు అర్థం కాలేదు. 1889లో స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఆస్కార్ మింకోవ్‌స్కీ, జోసెఫ్ ఫాన్ మెరింగ్ అనే ఇద్దరు ఒక కుక్క క్లోమాన్ని తీసేశారు. ఆ కుక్క మాటిమాటికీ మూత్రం పోయసాగింది. పరీక్ష చేస్తే ఆ మూత్రంలో చక్కెర ఉంది. జబ్బుకు మూలం క్లోమంలో ఉందని అప్పుడు తేలింది.

కానీ మందు మాత్రం లేదు. 1910ల్లో అమెరికాలో ఫ్రెడరిక్ అలెన్ అనే డాక్టరు తిండి తగ్గించే పద్ధతి పెట్టాడు. చిన్నపిల్లలకు కూడా కొలిచి కొలిచి, ప్రాణం నిలవడానికి సరిపడేంతే పెట్టేవాళ్ళు. పిల్లలు ఎముకల గూడు అయ్యేవాళ్ళు. జబ్బుతో చావకుండా ఆపడానికి ఆకలితో బతికించడం, అంతే. ఇంకొన్నాళ్ళు బతికితే ఏదైనా మందు రాకపోతుందా అని తల్లిదండ్రులు ఎదురుచూసేవాళ్ళు.

టొరంటో కుక్కలు

ఆ మందు కెనడాలో దొరికింది. 1921 మే నెలలో ఫ్రెడరిక్ బాంటింగ్ అనే యువ సర్జన్, చార్లెస్ బెస్ట్ అనే విద్యార్థి టొరంటో విశ్వవిద్యాలయంలో పని మొదలుపెట్టారు. ప్రయోగశాల జె.జె.ఆర్. మెక్లాయిడ్ అనే ప్రొఫెసర్‌ది. కుక్కల క్లోమం తీసి జబ్బు తెప్పించడం, ఇంకో కుక్క క్లోమం నుంచి రసం తీసి ఇంజెక్షన్ వేయడం, రక్తంలో చక్కెర చూడడం, ఇదీ వాళ్ళ పని. ఎన్నో కుక్కలు చనిపోయాయి. మార్జరీ అని పిలిచే ఒక కుక్క మాత్రం క్లోమం లేకుండానే ఆ రసంతో దాదాపు 70 రోజులు బతికింది.

1921 డిసెంబరులో జేమ్స్ కాలిప్ అనే రసాయన శాస్త్రవేత్త వాళ్ళతో చేరాడు. 1922 జనవరి 11న టొరంటో జనరల్ ఆస్పత్రిలో 14 ఏళ్ళ లెనార్డ్ థాంప్సన్‌కు మొదటి ఇంజెక్షన్ వేశారు. ఆ అబ్బాయి బరువు 30 కిలోలు కూడా లేదు. మందు శుభ్రంగా లేనందున సూది వేసిన చోట గడ్డ లేచింది. పని కూడా అంతగా చేయలేదు. కాలిప్ మందును ఇంకా శుద్ధి చేశాడు. జనవరి 23న మళ్ళీ వేశారు. ఈసారి చక్కెర దిగింది. లెనార్డ్ ఇంకా 13 ఏళ్ళు బతికాడు.

బాంటింగ్‌కూ మెక్లాయిడ్‌కూ 1923లో నోబెల్ బహుమతి వచ్చింది. బాంటింగ్ తన సగం బెస్ట్‌తో, మెక్లాయిడ్ తన సగం కాలిప్‌తో పంచుకున్నారు. బాంటింగ్, బెస్ట్, కాలిప్ మందు హక్కులను విశ్వవిద్యాలయానికి ఒక్కొక్క డాలరుకే రాసిచ్చారు. ఇవన్నీ మన సైన్సు పుస్తకాల్లో కొంచెం కొంచెం ఉంటాయి. పుస్తకాల్లో లేనిది ఏమంటే, మందు దొరికిన రోజున దాన్ని ఎంత వేయాలో ఎవరికీ తెలియదు.

కుందేలుతో పుట్టిన యూనిట్

మన ఇంట్లో బియ్యం కొలవడానికి పడి ఉంది, పాలకు లీటరు ఉంది. కొత్త మందుకు కొలత ఏది? ఒక రోజు తీసిన రసం గట్టిగా ఉండేది, ఇంకో రోజుది పలచగా ఉండేది. ఒకే చెంచాడు మందు సోమవారం చాలేది కాదు, మంగళవారం ఎక్కువయ్యేది. 1922లో కొన్ని వారాల పాటు మందు తయారు చేయడం కూడా కుదరలేదు. అందువల్ల ఇన్ని మిల్లీలీటర్లు అని చెప్పి ప్రయోజనం లేదు. మందు బలాన్ని కొలవాలి.

దారి చూపింది కాలిప్ కుందేళ్ళు. ఆయన ఆరోగ్యంగా ఉన్న కుందేళ్ళకు ఈ మందు వేసి రక్తంలో చక్కెర ఎంత దిగిందో చూసేవాడు. మందు ఎక్కువైనప్పుడు కుందేలు మూర్ఛ వచ్చి పడిపోయింది. దానికి గ్లూకోజు ఎక్కిస్తే మళ్ళీ లేచింది. దీన్నుంచి రెండు సంగతులు ఒకేసారి తెలిశాయి. ఈ మందు చంపగలదు. చక్కెర దాన్ని ఆపగలదు.

ఆ మూర్ఛనే టొరంటోవాళ్ళు కొలతగా పెట్టుకున్నారు. 24 గంటలు మేత లేని రెండు కిలోల కుందేలుకు, కొన్ని గంటల్లో రక్తంలో చక్కెరను 45 మిల్లీగ్రాముల దగ్గరికి దించి మూర్ఛ తెప్పించగల మందు ఒక యూనిట్. అయితే మనుషులకు అది పెద్ద కొలత అయింది. అందుకని దానిలో మూడో వంతును వైద్యానికి యూనిట్‌గా తీసుకున్నారు. దేశానికి ఒక కొలత ఉండకూడదని 1925లో అంతర్జాతీయ ప్రమాణం పెట్టారు. ఎండబెట్టిన ప్రమాణ ఇన్సులిన్ ఒక మిల్లీగ్రాములో 8 యూనిట్లు ఉన్నట్టు లెక్క. తర్వాత మందు ఇంకా శుద్ధి అయ్యేకొద్దీ ఒక మిల్లీగ్రాములో యూనిట్లు పెరిగాయి. ఇప్పుడు దాదాపు 29 ఉన్నాయి. బరువు మారింది గాని యూనిట్ చేసే పని మారలేదు.

అంటే మా అవ్వ రోజూ సిరంజిలో లాగే ప్రతి గీత వెనక, నూరేళ్ళ కిందట పడిపోయిన ఒక కుందేలు ఉంది. ఇది చదివిన రోజు నుంచి ఆ గీతను నేను మామూలు గీతగా చూడలేదు.

పదిహేనేళ్ళ ఎలిజబెత్

మందు ఇంటికి వచ్చిన కథలో నాకు బాగా నచ్చిన మనిషి ఎలిజబెత్ హ్యూస్. ఆమె అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ కూతురు. 11 ఏళ్ళప్పుడు జబ్బు వచ్చింది. అలెన్ డాక్టరు ఆకలి పద్ధతిలో మూడేళ్ళు గడిపింది. 1922 ఆగస్టు 16న టొరంటోలో బాంటింగ్ దగ్గరికి తెచ్చినప్పుడు ఆమె బరువు దాదాపు 20 కిలోలు. ఇంకో మూడు రోజుల్లో ఆమెకు 15 నిండుతాయి. నా వయసే.

మందు మొదలైన కొన్నాళ్ళకే తన ఇంజెక్షన్ తానే వేసుకోవడం నేర్చుకుంది. అప్పటి సూదులు ఇప్పటి మాదిరి సన్నవి కావు. గాజు సిరంజిని నీళ్ళలో మరిగించాలి, సూది మొద్దుబారితే రాయి మీద సానబట్టాలి. మందు పలచగా ఉండేది కాబట్టి ఎక్కువ ఎక్కించాలి, నొప్పి కూడా ఎక్కువే. అయినా ఆమె తల్లికి సంతోషంగా ఉత్తరాలు రాసేది. నవంబరు ఆఖరికి ఇంటికి వెళ్ళింది. చదువుకుంది, పెళ్ళి చేసుకుంది, ముగ్గురు పిల్లల తల్లయింది. 1981లో 73 ఏళ్ళ వయసులో చనిపోయేలోగా దాదాపు 42,000 ఇంజెక్షన్లు తీసుకుంది.

42,000 సార్లు ఆస్పత్రికి ఎవరు పోగలరు? ఇన్సులిన్ ఇంటికి రావడం డాక్టర్ల దయ వల్ల కాదు, వేరే దారి లేక. రోజుకు రెండు మూడు సార్లు, బతికినన్నాళ్ళూ వేయాల్సిన మందు ఇంట్లోవాళ్ళ చేతికే రావాలి. దీన్ని బాగా అర్థం చేసుకున్న డాక్టరు బోస్టన్ నగరంలోని ఇలియట్ జోస్లిన్. ఇన్సులిన్ రాకముందే, 1918లోనే, రోగుల కోసం ఆయన ఒక పుస్తకం రాశాడు. ఇన్సులిన్ వచ్చాక రోగులకు బడి పెట్టినట్టు పాఠాలు చెప్పించాడు. జబ్బు గురించి ఎక్కువ తెలిసినవాడు ఎక్కువ కాలం బతుకుతాడు అన్నది ఆయన నమ్మకం.

కొలత ఇంటికి వచ్చిన విధం

మందు ఇంటికి వచ్చింది, మరి పరీక్ష? మన ల్యాబులో బెనిడిక్ట్ ద్రావణం ఉంది గదా, నీలంగా ఉంటుంది. చాలా ఏళ్ళు ఇళ్ళల్లో అదే దిక్కు. ఐదు మిల్లీలీటర్ల ద్రావణంలో ఎనిమిది చుక్కల మూత్రం వేసి ఐదు నిమిషాలు మరిగించాలి. నీలంగానే ఉంటే చక్కెర లేదు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఇటుక ఎరుపు, ఇట్లా రంగు మారేకొద్దీ చక్కెర ఎక్కువ.

దీనిలో ఒక పెద్ద లోపం ఉంది. మనిషి రక్తంలో చక్కెర సుమారు 180 దాటితేనే మూత్రంలోకి వస్తుంది. అదీ కొన్ని గంటల కిందటి సంగతి చెబుతుంది. చక్కెర మరీ తగ్గిపోతే మూత్రం ఏమీ చెప్పదు. అసలు ప్రమాదం అదే గదా!

1960ల మధ్యలో రక్తపు చుక్కతో రంగు మారే పట్టీలు వచ్చాయి. 1970 ప్రాంతంలో ఆ రంగును చదివే మీటరు వచ్చింది. అది డాక్టర్ల కోసం, ఆస్పత్రుల కోసం చేసింది. రోగులకు అమ్మేవాళ్ళు కాదు. అమెరికాలో రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజనీరు 12 ఏళ్ళ వయసు నుంచి ఈ జబ్బుతో ఉన్నాడు. ఆయన భార్య డాక్టరు. ఆమె పేరు మీద మీటరు తెప్పించుకుని రోజుకు ఎన్నోసార్లు తన రక్తం తానే చూసుకున్నాడు. ఏది తింటే ఎంత పెరుగుతుంది, ఒక యూనిట్ ఎంత దించుతుంది అని నోటు పుస్తకంలో రాసుకున్నాడు. అలా చాలా ఏళ్ళ తర్వాత ఆయన ఆరోగ్యం కుదుటపడింది. ఇంజనీరు మాటను డాక్టర్లు వినలేదని 45 ఏళ్ళ వయసులో మెడికల్ కాలేజీలో చేరి తానే డాక్టరు అయ్యాడు. ఈ రోజు ప్రతి మందుల షాపులో దొరికే మీటరు వెనక ఇట్లాంటి మొండి రోగులు ఉన్నారు.

ఆవు, పంది, బాక్టీరియా

మొదటి 60 ఏళ్ళు ఇన్సులిన్ మొత్తం ఆవుల, పందుల క్లోమాల నుంచే తీశారు. పావు కిలో కంటే కొంచెం తక్కువ ఇన్సులిన్‌కు దాదాపు రెండు టన్నుల గ్రంథులు కావాలి. ఇంగ్లండులో ఫ్రెడరిక్ సాంగర్ ఇన్సులిన్‌లో ఏ అమైనో ఆమ్లం తర్వాత ఏది ఉందో వరుసగా కనిపెట్టి 1958లో నోబెల్ బహుమతి పొందాడు. అందులో మొత్తం 51 అమైనో ఆమ్లాలు ఉన్నాయి. జంతువు జంతువుకూ కొన్ని మారతాయి.

ఇక్కడ ఒక వింత ఉంది. కుక్క ఇన్సులిన్, పంది ఇన్సులిన్ ఒక్కటే. పిల్లి ఇన్సులిన్‌కు దగ్గరి చుట్టం ఆవు ఇన్సులిన్. రెండింటికీ ఒక్క అమైనో ఆమ్లమే తేడా. పందికీ పిల్లికీ మూడు, మనిషికీ పిల్లికీ నాలుగు తేడాలు.

1978లో అమెరికాలో బాక్టీరియాతో మనిషి ఇన్సులిన్ తయారు చేశారు. 1982లో అది అమ్మకానికి వచ్చింది. మనకు పక్కనే ఉన్న బెంగళూరులో బయోకాన్ కంపెనీ 2004లో ఈస్టుతో చేసిన మనిషి ఇన్సులిన్‌ను విడుదల చేసింది. మనుషులకు ఇది చాలా మంచిది. కానీ మెల్లమెల్లగా ఆవు ఇన్సులిన్ బజారులో కనబడకుండా పోయింది. పిల్లులకు దగ్గరి చుట్టం దూరమయింది. అందుకని పశువైద్యులు మనుషుల మందులనే పిల్లులకు వాడి చూడాల్సి వచ్చింది.

పిల్లుల వంతు

పిల్లికి షుగరు వస్తుందా అని మన వాళ్ళు నవ్వుతారు. వస్తుంది. వయసు మళ్ళిన, ఒళ్ళు చేసిన, ఇంట్లోనే ఉండే పిల్లులకు, అందులోనూ ఆపరేషన్ చేసిన మగ పిల్లులకు ఎక్కువ. మనుషుల్లో పెద్దవాళ్ళకు వచ్చే రకానికి ఇది దగ్గరగా ఉంటుంది. నీళ్ళు తెగ తాగడం, మూత్రం ఎక్కువ పోవడం, బాగా తింటూనే చిక్కిపోవడం గుర్తులు. కొన్ని పిల్లులు వెనక కాళ్ళు మడమల దాకా నేలకు ఆనించి నడుస్తాయి.

పిల్లితో ఒక చిక్కు ఉంది. భయపడితే చాలు దాని రక్తంలో చక్కెర పెరుగుతుంది. మామూలుగా 80 నుంచి 120 ఉండే పిల్లికి ఆస్పత్రి బల్ల మీద 300 కూడా దాటవచ్చు. ఆ లెక్క నమ్మి మందు పెంచితే ఇంటికి వెళ్ళాక పిల్లి పడిపోతుంది. కుందేలు పడినట్టే.

2000 సంవత్సరం ప్రాంతంలో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్ విశ్వవిద్యాలయం పశువైద్యులు దీనికి దారి చూపారు. పిల్లి చెవి అంచు నుంచి ఒక చుక్క రక్తం తీసి మామూలు మీటరుతో చూడవచ్చు, ఆ పని ఇంట్లోవాళ్ళే నేర్చుకోవచ్చు అని నిరూపించారు. 2009లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 24 పిల్లుల మీద చేసిన పరీక్ష వివరాలు వచ్చాయి. అన్నీ కొత్తగా జబ్బు బయటపడిన పిల్లులే. ఎనిమిదేసి పిల్లులకు ఒక్కో రకం ఇన్సులిన్, దాంతో పిండి పదార్థం తక్కువ ఉన్న తిండి ఇచ్చారు. గ్లార్జిన్ అనే నిదానంగా పనిచేసే మందు తీసుకున్న ఎనిమిదికి ఎనిమిదీ తర్వాత ఇన్సులిన్ లేకుండానే ఉండగలిగాయి. మిగతా రెండు గుంపుల్లో మూడు, రెండు మాత్రమే. 24 పిల్లులంటే చిన్న లెక్కే. కానీ త్వరగా, సరిగ్గా మందు వేస్తే పిల్లి మందు నుంచి బయటపడే అవకాశం ఉందని డాక్టర్లకు ఆశ కలిగింది.

2022 డిసెంబరులో అమెరికాలో పిల్లులకు మాత్ర కూడా వచ్చింది. అది అన్ని పిల్లులకూ పనికిరాదు. ముందే ఇన్సులిన్ తీసుకున్న పిల్లులకు వాడకూడదు.

మా ఇంటి సంగతి

ఇదంతా నేను చదవడానికి కారణం మా చిన్నమ్మ పిల్లి కరియ. నల్లగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. 11 ఏళ్ళ వయసు. పోయిన ఏడాది ఆరు కిలోల నుంచి నాలుగున్నరకు దిగిపోయింది. బెంగళూరులో ఒక డాక్టరమ్మ చూసి షుగరు అని చెప్పింది. పొద్దున ఒక యూనిట్, సాయంత్రం ఒక యూనిట్ గ్లార్జిన్ రాసిచ్చింది. "ఇక్కడ 380 చూపిస్తోంది, దీన్ని నేను పూర్తిగా నమ్మను. ఇంట్లో చూసి రాసుకుని రండి" అన్నది. మనుషుల మీటరు పిల్లికి కొంచెం తక్కువ చూపించవచ్చు, అయినా రోజూ ఒకే మీటరు వాడితే పెరిగిందా తగ్గిందా తెలుస్తుంది అని కూడా చెప్పింది.

సీసా ఒక చోట కొన్నారు, సిరంజీలు ఇంకో మందుల షాపులో కొన్నారు. మా అవ్వ 14 ఏళ్ళుగా ఇన్సులిన్ వేసుకుంటోంది. ఆమెకు చదవడం రాదు, అంకెలు, రంగులు తెలుసు. చిన్నమ్మ మొదటి సారి మందు లాగబోతుంటే అవ్వ చేయి పట్టుకుంది. "ఆగమ్మీ! నా సీసా మీద 40 ఉంటుంది, నా సూదికి ఎర్ర మూత. ఈ సీసా మీద 100 ఉంది. మరి దీనికీ ఎర్ర మూత సూది ఎందుకిచ్చినారు?" అని అడిగింది.

అవ్వ అడిగింది సరైన ప్రశ్నే. దీని వెనక కూడా చరిత్ర ఉంది. మొదట ఇన్సులిన్ ఒక మిల్లీలీటరుకు 10, 20 యూనిట్ల బలంతో వచ్చేది. తర్వాత 40, 80 వచ్చాయి. ఇన్ని రకాలుంటే జనం పొరబడుతున్నారని అమెరికా 1970ల్లో 100కు మారింది. మన దేశంలో 40 సీసాలు ఇప్పటికీ బాగా అమ్ముతారు, 100 కూడా అమ్ముతారు. అందుకే సిరంజీలు రెండు రకాలు. ఎర్ర మూత 40కి, నారింజ మూత 100కి. 100 సీసా మందును 40 సిరంజిలో ఒక గీత దాకా లాగితే వచ్చేది ఒక యూనిట్ కాదు, రెండున్నర. నాలుగున్నర కిలోల పిల్లికి పూటకు రెండున్నర యూనిట్లు, అదీ మొదటి రోజే! షాపుకు పోయి నారింజ మూత సిరంజీలు మార్చుకుని వచ్చాకే కరియకు సూది పడింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక నోటు పుస్తకం ఉంది. తేదీ, టైము, తిన్నదా లేదా, చెవి రక్తంలో చక్కెర, వేసిన యూనిట్లు, వేసిన పక్క, బరువు, ఇట్లా ఏడు గడులు గీసి నేనే రాస్తున్నాను. నెలకొకసారి పొద్దున నుంచి సాయంత్రం దాకా రెండు గంటలకొకసారి చూసి గ్రాఫు గీస్తాం. మందు ఎప్పుడు బాగా పనిచేస్తోందో, చక్కెర ఎంత లోతుకు దిగుతోందో అందులో కనబడుతుంది. ఆ గ్రాఫు చూసి డాక్టరమ్మ మందు మారుస్తుంది. మార్చినా ఒకసారికి అర యూనిట్ మాత్రమే. కరియ ఇప్పుడు ఐదు కిలోలు దాటింది.

ఇంట్లో పాటించాల్సినవి

డాక్టరమ్మ చెప్పినవి, అవ్వ నేర్పినవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో మనుషులకు ఇన్సులిన్ ఉన్నా ఇందులో చాలా పనికొస్తాయి.

1. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటే అని ప్రతి కొత్త డబ్బాకూ చూసుకోవాలి.
2. రెండు సూదుల మధ్య 12 గంటలు ఉండాలి. ముందు తిండి, తర్వాత సూది. పిల్లి తినకపోతే మామూలుగా మందు వేసేయకుండా డాక్టరుకు ఫోను చేయాలి.
3. సీసాను ఫ్రిజ్ తలుపులోనో అరలోనో పెట్టాలి, ఐసు గడ్డ కట్టే చోట పెట్టకూడదు. గట్టిగా కుదపకూడదు.
4. చర్మాన్ని గుడారం మాదిరి పైకి లేపి దాని కిందికి వేయాలి. ఒకే చోట రోజూ వేయకూడదు.
5. మందు లోపలికి పోయిందో, బొచ్చు మీద పడిందో అనుమానం వస్తే రెండోసారి వేయకూడదు. ఒక పూట చక్కెర ఎక్కువగా ఉంటే పిల్లి తట్టుకుంటుంది, మరీ తగ్గితే తట్టుకోదు.
6. ఇంట్లో ఇద్దరు సూది వేసేవాళ్ళుంటే, వేసినవాళ్ళు అప్పుడే పుస్తకంలో రాయాలి. లేకపోతే ఇద్దరూ వేసే ప్రమాదం ఉంది.
7. పిల్లి తూలినా, నీరసంగా పడుకున్నా, వణికినా, మూర్ఛ వచ్చినా చక్కెర తగ్గిందని అనుమానించాలి. తేనె గాని చక్కెర పాకం గాని చిగుళ్ళకు రాసి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. నోట్లో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.
8. మందు ఎంత అన్నది డాక్టరు చెప్పాలి. ఇంట్లోవాళ్ళ పని సరిగ్గా కొలవడం, సరిగ్గా రాయడం.

ఉపసంహారం

మొదట అడిగిన ప్రశ్న ఇది: ఇంత ప్రమాదమున్న మందును మామూలు మనుషుల చేతికి ఎట్లా ఇచ్చారు? మందు ఒక్కటే ఇవ్వలేదు, దాంతో పాటు కొలతను కూడా ఇచ్చారు. యూనిట్, సిరంజి మీద గీత, రంగు మారే ద్రావణం, మీటరు, ఇవి ఒకదాని తర్వాత ఒకటి ఇంటికి వచ్చాయి. కొలత ముందు, మందు తర్వాత. ఈ వరుస తప్పిన చోట ప్రాణం పోయింది. వరుస తప్పనందున ఎలిజబెత్ 73 ఏళ్ళు బతికింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ చరిత్రలో మనుషుల పేర్లు మనకు తెలుసు, నోబెల్ బహుమతులు తెలుసు. కుక్కల్లో మార్జరీ పేరు ఒకటి మిగిలింది. కుందేళ్ళకు పేర్లు లేవు, గ్రంథులిచ్చిన ఆవులకు, పందులకు లెక్క లేదు. మనుషులు వాటి నుంచి నూరేళ్ళు తీసుకున్నారు. ఇప్పుడు ఒక పిల్లికి ఒక యూనిట్ సరిగ్గా కొలిచి వేయడం పిచ్చి ముద్దు కాదు, దండగ ఖర్చు కాదు. అది చాలా పాత బాకీలో ఒక చిన్న భాగం తీర్చడం.

చదువు రాని మా అవ్వ సీసా మీది అంకెనూ సిరంజి మూత రంగునూ కలిపి చూసింది. టొరంటోలో మొదలైన జాగ్రత్త అక్కడి దాకా వచ్చింది. చదువుకుంటున్న మనం కూడా మన ఇళ్ళల్లో మందు తీసుకునే పెద్దవాళ్ళ సీసా, సిరంజి ఒకసారి చేతిలోకి తీసుకుని ఆ రెండు అంకెలు చదివి చూడాలి. దీనికి ఒక నిమిషం చాలు.